చార్జ్ అంటే ఏ చార్జో కాస్త చెప్పండి సార్

మా జిల్లాలో నోటీసులు, బిల్లులు, ఫారాలు రాసే సార్లందరికీ, మేడమ్‌లందరికీ,

నమస్కారం. ఏ ఒక్క ఆఫీసు మీదో కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. ఆ కాగితం ఎవరు రాశారో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు, ఎందుకంటే ఆ మాట మీలో ఎవరు రాసినా అలాగే రాస్తారు. ఆ మాట చార్జ్.

నెల క్రితం మా పెద్దమ్మకి ఒక నోటీసు వచ్చింది. ఆవిడది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పెద్దనాన్న పోయాక ఎనభై సెంట్ల పల్లం ఒక్కర్తే చూసుకుంటోంది, మనుషుల్ని పెట్టి ఊడిపించుకుంటుంది, పెట్టుబడికి దాని మీదే అప్పు తీసుకుంటుంది, కోతలయ్యాక కడుతుంది. కాగితంలో ఉన్నది ఇంతే: "మీ పేరున గల దిగువ సర్వే నంబరు విస్తీర్ణంపై చార్జ్ క్రియేట్ చేయబడినది. సదరు చార్జ్ తొలగింపునకై నిర్ణీత చార్జీలు చెల్లించి ఇన్‌చార్జి వారిని సంప్రదించవలెను." రెండు వాక్యాల్లో చార్జ్ నాలుగుసార్లు, మూడు అర్థాల్లో. ఇది రాయాలని కూర్చుని రాసినా ఇంత బాగా రాదు.

పెద్దమ్మ చదువుకోలేదు. పక్కింట్లో ఇంటర్ చదివే కుర్రాడి చేత చదివించుకుంది. వాడు టీవీలో వార్తలు బాగా చూస్తాడు, చార్జంటే కేసు మామ్మా అని చెప్పేసి క్రికెట్‌కి పోయాడు. పోయినేడాది పక్క పొలం ఆయనతో గట్టు దగ్గర మాటా మాటా అనుకున్నారు, ఆయనే కేసు పెట్టుంటాడని ఈవిడ లెక్క కట్టేసుకుంది. రెండు రాత్రులు నిద్ర లేదు, అన్నం సరిగ్గా తినలేదు, ఎవరికైనా చెప్తే పరువు పోతుందని చెప్పలేదు. మూడో రోజు తెల్లారగట్ల నాకు ఫోను. "ఒరే నాన్నా, నా మీద చార్జి ఎయ్యడానికి నానేటి సేసినాన్రా?"

వెళ్లి ఆవిణ్ణి బస్సెక్కించి తీసుకొచ్చాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి ఆవిడకి సున్నా టికెట్టు, నాకు మాత్రం చార్జీ పడింది. దారి పొడుగునా ఆవిడ చెయ్యి రొంటి మీదే ఉంది, అందులో అయిదొందలు. కాగితంలో చార్జీలు కట్టమన్నారు కదా, ఎంతడుగుతారో అని. ఆఫీసులో ఒక చిన్నమ్మాయి కాగితం చూసి, కంప్యూటర్ వైపు తిరక్కుండానే, "ఏం లేదమ్మా, నువ్వు అప్పు తీసుకున్నావు కదా, ఆ అప్పు ఈ పొలం మీద ఉందని రికార్డులో రాసుకున్నాం, అంతే" అంది. పెద్దమ్మ ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత నవ్వింది, ఆ తర్వాత ఆ ఇంటర్ కుర్రాణ్ణి తిట్టడం మొదలుపెట్టి మళ్లీ ఊరు చేరేదాకా ఆపలేదు.

నిజానికి కుర్రాడి తప్పేం లేదు. వాడు చెప్పిన అర్థమూ ఆ మాటకి ఉంది. ఆ అమ్మాయి నోటి నుంచి వచ్చిన వాక్యం కాగితం మీదకి ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

ఇంటికొచ్చాక ఈ మాట నన్ను వదల్లేదు. అసలిది ఎక్కడిదని చూస్తే, ఇంగ్లీషువాళ్లదే కాదు. ఇప్పుడు ఫ్రాన్స్ ఉన్న చోట రెండు వేల ఏళ్ల కిందట గాల్ అనే జనం ఉండేవారు, వాళ్ల భాషలో బండిని కర్రోస్ అనేవారట. రోమన్లు ఆ మాటని లాటిన్‌లోకి తెచ్చుకుని కర్రుస్ అన్నారు. దాన్నుంచి కర్రికారే అనే క్రియ పుట్టింది, అంటే బండికి సరుకెక్కించడం. అదే పాత ఫ్రెంచిలో అరిగి అరిగి చార్జియే అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులోకి బండ్ల కొద్దీ దిగాయి, ఆ బండ్లలో ఇదీ ఒకటి. సుమారు 1200 నాటికి ఇంగ్లీషులో చార్జ్ అంటే బరువు, మోపు. అంతే. డబ్బూ లేదు, కేసూ లేదు, బ్యాటరీ అసలే లేదు.

మిగతా అర్థాలన్నీ ఆ బండి మీంచి దిగినవే. ఒకడి నెత్తిన పని బరువు పెడితే అది బాధ్యత అయింది, ఇన్‌చార్జి అక్కణ్ణుంచి వచ్చాడు. డబ్బు బరువు పెడితే ధర అయింది, అవి మన బస్సు చార్జీలు. తప్పు బరువు పెడితే నేరారోపణ. ఇది వింతేమీ కాదు, తెలుగులో మనం కూడా ఇదే దారిన నడిచాం, కాకపోతే మనకి తెలీదు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుంటాం, మనిషి మీద నేరం మోపుతాం. ఇంట్లో బండెడు చాకిరీ అంటాం, అచ్చంగా రోమన్ల బండే అది. దేవుడి మీద భారం వేశాను అంటాం. పేపర్లో "చార్జీల మోత" అని పెద్దక్షరాలతో వేస్తారు చూడండి, మోతని మోయడం అనుకుంటే ఆ హెడ్డింగుకి అర్థం బరువుల బరువు అని!

దీని చుట్టాలు ఎక్కడెక్కడున్నారో చూడాలంటే శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఒక పది నిమిషాలు నిలబడితే చాలు. కండక్టరు అడిగేది చార్జీ. పార్సిల్ ఇచ్చే కౌంటర్ కార్గో, స్పానిష్‌లో అదే బరువు. బయట ఆగినది కారు. డ్రైవరు సీటు వెనక పెట్టుకున్న నాలుగు గిన్నెల క్యారేజీ. (ఇంగ్లీషువాడికి క్యారేజీ అంటే గుర్రబ్బండి, మనకి మాత్రం పప్పూ అన్నం.) అక్కడే బెంచీ మీద కోచింగ్ సెంటర్ కరపత్రం పట్టుకుని కూర్చున్న కుర్రాడి కెరీర్ కూడా ఆ బండిదే, అది మొదట బండ్లు పోయే బాట. ఆఖరికి పేపర్లో నాయకుల ముక్కు మూరెడు చేసి గీసే కారికేచర్ కూడా, ఇటాలియన్‌లో దానర్థం మితిమీరి బరువెక్కించడం. ఒకే ఇంటి పేరు, ఆరు వీధుల్లో కాపురాలు.

ఇక బొబ్బిలి సంగతి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు పేలాయని మన దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఫిరంగిలో మందు దట్టించడాన్ని ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఆ పాత మాటతోనే అంటారు, కాకపోతే చార్జే కాస్తా షార్జే అయింది. ఇంగ్లీషులో కూడా ఒకసారి దట్టించే మందు ఒక చార్జ్. బొబ్బిలి గోడల ముందు ఆ సైనికులు ఏమని అరిచారో నేను విన్లేదు గానీ, ఫిరంగి దట్టించాలంటే ఆ మాట లేకుండా ఎలా అరుస్తారు? అంటే చార్జ్ మన జిల్లాలకి బస్సుతో రాలేదు, కరెంటుతో రాలేదు, ఫిరంగితో వచ్చిందని నేను సరదాగా అనుకుంటాను. ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోవద్దు.

ఫిరంగి అర్థం నుంచే మీ జేబులో ఉన్న అర్థం కూడా వచ్చింది. బొబ్బిలి యుద్ధానికి సరిగ్గా పదేళ్ల ముందు, 1747లో, అమెరికాలో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాజు జాడీలతో కరెంటు ప్రయోగాలు చేస్తూ లండన్‌లో ఉన్న స్నేహితుడికి ఉత్తరాలు రాస్తున్నాడు. జాడీ లోపలా బయటా రేకు అంటించి రాపిడితో పుట్టించిన కరెంటు అందులో నింపేవారు, ముట్టుకుంటే ఠపీమని కొట్టేది. తుపాకీలో మందు కూరినట్టు జాడీలో కరెంటు కూరడం కాబట్టి దానికి చార్జ్ అనే మాట అతికింది. అలాగే కరెంటు నింపే గాజు పలకలు కొన్ని వరసగా కలిపి ఆయనే బ్యాటరీ అని పేరు పెట్టాడు, బ్యాటరీ అంటే అప్పటికి వరసగా నిలబెట్టిన ఫిరంగులు. కాబట్టి ఒరే బ్యాటరీ చార్జింగ్ పెట్టరా అని మీ అబ్బాయితో అన్నప్పుడు మీరు అంటున్నది నిఖార్సైన యుద్ధభాష.

సముద్రంలో జలాంతర్గామి మీదికి వదిలే మందు పీపాలని డెప్త్ చార్జీలు అంటారు. 1971లో విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగినప్పుడు ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వాటిని వదిలిందని మన నేవీ చెప్తుంది. నేను చిన్నప్పుడు ఈ మాట విని, సముద్రంలో లోతుకి వెళ్లినకొద్దీ టికెట్టు పెరుగుతుంది కాబోలు అనుకున్నాను.

లాఠీచార్జి వేరే ముచ్చట, నవ్వొచ్చేది కాదు. ఈటె గురిపెట్టి గుర్రాలతో దూకడాన్ని చార్జ్ అన్నారు, మన దేశంలో గుర్రం పోయి లాఠీ మిగిలింది. మా జిల్లాలో ఉద్దానం వైపు వాళ్లని, థర్మల్ ప్లాంటు వద్దని పోట్లాడిన సోంపేట బీల వైపు వాళ్లని అడగండి, ఆ మాటకి వాళ్లకి నిఘంటువు అక్కర్లేదు.

ఇన్ని అర్థాలున్న మాటతో మన జనం గందరగోళ పడ్డారా అంటే, లేదు. నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. స్కూలు గడప తొక్కనివాళ్లు కూడా ఈ మాటకి తోకలు తగిలించి, వెనక ఒక క్రియ కట్టి, చక్కగా విడదీసుకున్నారు. కట్టేది చార్జీ, అదీ ఎక్కువగా బహువచనమే, బస్సు చార్జీలు, కూలి చార్జీలు. పెట్టేది చార్జింగ్. ఇంగ్లీషులో అది పని పేరు, మనం దాన్ని వస్తువు చేసేసి "ఫోన్లో చార్జింగ్ ఎంతుంది" అని కొలుస్తాం, నాకు ఇది చాలా ఇష్టం. తీసుకునేది చార్జి, కొత్త ఎస్సై గారు నిన్న చార్జి తీసుకున్నారు. చేసేది లాఠీచార్జి. వేసేది చార్జిషీటు. వేయించేది రీచార్జి. ఇందులో ఒక్కటి కూడా ఇంకోదానితో కలవదు. పెద్దమ్మ నాతో ఫోన్లో "చార్జి ఎయ్యడం" అంది చూశారా, వెయ్యడం అన్న క్రియతోనే అది కేసు అని తేలిపోయింది. కుర్రాడు చెప్పిన తప్పు సమాచారాన్ని కూడా ఆవిడ సరైన తెలుగులో పెట్టింది.

మీరేం చేశారు? జనం తగిలించిన తోకలన్నీ కోసేసి మొండి చార్జ్ చేశారు. క్రియ దగ్గరైనా తెలుస్తుందా అంటే "క్రియేట్ చేయబడినది". ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఆవిడ ఏం చెయ్యాలి, ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది, ఒక్కటీ లేదు.

మీరు వెంటనే చెప్పబోయే జవాబు నాకు తెలుసు. అది చట్టంలో మాట, మార్చడానికి మేమెవరం అంటారు. నిజమే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 100వ సెక్షన్ దీని గురించే. ఒకరి ఆస్తి ఇంకొకరికి రావాల్సిన డబ్బుకి పూచీగా నిలబడి, అది తనఖా కిందకి రాకపోతే, దాన్ని చార్జ్ అంటారు. చట్టంలో ఆ మాట ఉండాల్సిందే, తనఖాకీ దానికీ తేడా ఉంది కాబట్టి. కానీ చట్టం లాయర్లు చదువుతారు, నోటీసు పెద్దమ్మ చదువుతుంది, కనీసం చదివించుకుంటుంది. అప్పు, పూచీ, బాకీ, ఈ మూడు మాటలు ఆవిడకి మీకన్నా బాగా తెలుసు. పొలం మీద భారం ఏమైనా ఉందేమో చూడమని ఈసీ తీయించే జనమే కదా మనం.

చట్టంలోని తేడాలు కాగితంలోకి వచ్చేసరికి ఎలా కలిసిపోతాయో ఇంకొకటి చెప్తాను. పోలీసులు దర్యాప్తు ముగించి కోర్టులో వేసేది మనమంతా చార్జిషీటు అంటాం. చట్టం దాన్ని పోలీసు నివేదిక అంటుంది, మొన్నటిదాకా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 173వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టంలో 193. అసలు చార్జ్, అంటే అభియోగం, జడ్జి గారు కాగితాలు చూసి పెట్టేది. ఈ రెండిటి మధ్యలో కేసు నిలబడదనిపిస్తే మనిషి బయటపడొచ్చు, దాన్ని డిశ్చార్జ్ అంటారు. ఆస్పత్రిలో బిల్లు కట్టి ఇంటికెళ్లినా డిశ్చార్జే, వంశధారకి వరదొస్తే గొట్టా బ్యారేజీ నుంచి వదిలే క్యూసెక్కులూ డిశ్చార్జే. డిశ్చార్జ్ అంటే బరువు దించడం కాబట్టి మూడూ ఒప్పే, కాకపోతే మా మేనమామ "కేసు డిశ్చార్జ్ అయింది" అంటే విన్నవాళ్లు ఆయన ఏ ఆస్పత్రిలో ఉన్నాడని అడిగారు.

కరెంటు బిల్లు జోలికి ఎక్కువ పోను. అందులో చార్జీలు అన్న మాట ఒక్కో వరసలో ఒక్కో విశేషణంతో ఉంటుంది, ఫిక్స్‌డ్ చార్జీలు, సర్‌చార్జి, ట్రూఅప్ చార్జీలు. ట్రూఅప్ అంటే ముందు వేసిన అంచనా కన్నా ఎక్కువ ఖర్చయితే ఆ తేడా తర్వాత మన దగ్గర తీసుకోవడం. "పాత ఖర్చుల తేడా" అని రాస్తే ఆరేడు అక్షరాలు, అదే చోటులో పడుతుంది. డబ్బు కట్టడం ఎలాగూ తప్పదు, దేనికి కడుతున్నామో తెలిసి కడతాం.

మీ వైపు నుంచి ఒకసారి చూద్దాం. మీకు చార్జ్ అన్న మాటతో రెండు రకాల కాగితాలు వస్తాయి. ఒకటి, పక్క మండలానికి పూర్తి అదనపు చార్జి తీసుకోమని. ఇంకోటి చార్జ్ మెమో. ఉద్యోగుల క్రమశిక్షణకి పెట్టిన సీసీఏ రూల్స్‌లో 20వ రూలు కింద వచ్చేది. మొదటిదైతే రెండు ఆఫీసుల మధ్య తిరిగి నడుం నొప్పి, రెండోదైతే ఇంక్రిమెంటు, ప్రమోషను అన్నీ గాల్లో. శుక్రవారం సాయంత్రం మీకొకరు ఫోన్ చేసి "సార్, మీ పేరు మీద చార్జ్ వచ్చింది, సోమవారం రండి" అని పెట్టేశారనుకోండి. శని, ఆది ఎలా గడుస్తాయి? మా పెద్దమ్మకి గడిచిన రెండు రాత్రులూ అవే. పైగా జనగణన వచ్చిందంటే తహసీల్దారు గారే చార్జ్ ఆఫీసర్, ఆయన పరిధే ఒక చార్జ్. ఇంత దగ్గరగా ఆ మాటతో కాపురం చేసేవాళ్లకి దాని పోకడలు నేను చెప్పాలా?

నన్ను భాషాభిమాని కింద జమ కట్టి పక్కన పెట్టేయకండి. చార్జర్‌కి తెలుగు మాట కనిపెట్టమని నేను అడగను, అడిగినవాళ్లని చూస్తే నాకే నవ్వొస్తుంది. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకి మీ ఆఫీసుల్లో దండ వేస్తారు. ఆయన పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. వ్యవహారంలో ఉన్న భాషే రాతలో ఉండాలని ఆయన పోట్లాడాడు, అంటే జనం వాడుతున్న చార్జీలు, చార్జింగ్ అన్నీ ఆయన లెక్కలో తెలుగే. "క్రియేట్ చేయబడినది" మాత్రం ఏ ఊళ్లో ఏ మనిషీ నోటితో అనడు. ఆ దండ వేసే రోజున మీ నోటీసు ఒకటి ఆ ఫొటో ముందు పైకి చదివి చూడండి.

ఊరికే విమర్శించి ఊరుకోవడం బాగుండదని ఆ కాగితాన్ని నేనే తిరగరాశాను. ఇదీ:

"మీరు తీసుకున్న పంట అప్పుకి మీ ఎనభై సెంట్ల పొలం పూచీగా ఉంది. ఆ సంగతి రికార్డులో రాశాం. ఇది కేసు కాదు, ఇప్పుడు మీరు డబ్బేమీ కట్టక్కర్లేదు, ఆఫీసుకి రానక్కర్లేదు. అప్పు తీరాక బాకీ లేదన్న కాగితం తెస్తే ఈ రాత తీసేస్తాం. తీసేయడానికి రుసుము ...... రూపాయలు. ఏమైనా అడగాలంటే రెండో నంబరు గదిలో ఉన్న మనిషిని అడగండి."

మొన్న ఆదివారం ఊరెళ్లినప్పుడు ఇది పెద్దమ్మకి చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ కూర్చుని మొత్తం వింది. మధ్యలో ఎక్కడా ఆపలేదు, అదేటి ఇదేటి అని అడగలేదు. అయిపోయాక చెయ్యి దులుపుకుని, "అంతా బాగుంది గానీ, రూపాయల కాడ అంకె ఎయ్యలేదేట్రా?" అంది.

ఆ అంకె నా దగ్గర లేదు. మీరే వెయ్యాలి.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక మనిషి